రెండు జడల ఫోటో

అరుణజ్యోతి రెండు జడలు పోయిన సంగతి ఇబ్రహీంపట్నంలో అందరికంటే ముందు పరశురాం ఫ్లెక్సీ షాపులో తెలిసింది. జానపద పాటలు పాడే ఆ అమ్మాయి కొత్త పాట ఆదివారం పొద్దున పది గంటలకు నెట్‌లో వస్తుందని వారం రోజులుగా చెప్పుకుంటున్నారు. షాపులో ఫ్లెక్సీల బొమ్మలు చేసే కరుణ తొమ్మిదిన్నరకే కంప్యూటర్ ముందు కూర్చుంది. సాగర్ రోడ్డు మీద కొత్త వెంచర్ ఒకటి వేస్తున్నారు. అక్కడ ఉన్నది ఎర్రమట్టి, రాళ్లు, చుట్టూ తీగ కంచె. ఫ్లెక్సీలో మాత్రం కొబ్బరిచెట్లు, ఫౌంటెన్, పక్కన నవ్వుతూ నిలబడ్డ ఒక జంట ఉండాలి. చెట్లను ఒక్కొక్కటే నాటుతూ, ఫోన్‌ను తెరకు ఆనించి పెట్టుకుంది.

పాట మొదలైంది. ఒక కుర్చీ, అందులో ఒక అమ్మాయి. మెడ దాకా కోసిన జుట్టు. బూడిదరంగు చొక్కా. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లంగాఓణీ లేదు, ఎర్ర రిబ్బన్లు లేవు, ఎగిరినప్పుడల్లా నడుము మీద పడి లేచే ఆ రెండు జడలు లేవు. ఆ అమ్మాయి అరుణజ్యోతే అని గుర్తుపట్టడానికి కరుణకు కొంత సమయం పట్టింది.

పాటలో తొందర లేదు. డీజే దెబ్బ ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అని కరుణ ఎదురుచూసింది. ఎక్కడో దూరంగా ఒక్క డప్పు, అదీ ఉండీ లేనట్టు వినపడింది. చేపలు తూచే ఒక ఆడమనిషి గురించిన పాట అది. రోజంతా ఊరందరికీ తూచి ఇచ్చినా, నీకేం తినాలనుందని ఎవరూ అడగని ఆడమనిషి. గలగలమనే ఆ పాత గొంతు కిందికి దిగింది. పాడుతున్నట్టు లేదు, పక్కన కూర్చుని చెబుతున్నట్టుంది.

నలభై సెకన్లకు కరుణ ఆపేసింది. "ఛీ" అంది.

ఏడేళ్లుగా ఆ గొంతు వింటూనే పని చేసింది. బావను ఆటపట్టించే పాట, బోనాల పాట, బతుకమ్మ పాట, ఏది పెట్టినా చేయి దానంతటదే నడిచేది. పదిహేనేళ్ల పిల్ల జడలు తిప్పుతూ నవ్వితే తన ఇంట్లో పిల్ల నవ్వినట్టే ఉండేది. ఇప్పుడు ఆ పిల్లను ఎవరో ఎత్తుకుపోయి, ఈ కుర్చీలో మనిషిని తెచ్చి కూర్చోబెట్టారు. తనను ఒక్కమాట అడగలేదు. ఎవరైనా ఎందుకు అడగాలి అన్న ఆలోచన ఆమెకు ఆ పొద్దున రాలేదు.

పదకొండు కాకముందే ఐలేష్ వచ్చాడు. అతనికి డీజే బండి ఉంది. బండి పెట్టెల మీద రెండు వైపులా అరుణజ్యోతి బొమ్మే. అభిమాన సంఘానికి అధ్యక్షుడు కూడా. వెంట మరో ఇద్దరు వచ్చారు.

"చూసినవా అక్కా? నా కండ్లు కాలిపోయినయ్" అన్నాడు ఐలేష్. "చెల్లె చెల్లె అని నెత్తిన పెట్టుకొని తిప్పినం. గిప్పుడు సావుకాడ కూసున్నట్టు కూసొని, ఏం పాటనే గది?"

"మంచిగనే ఉన్నదిరా, నిద్ర పడుతది" అని ప్రింటింగ్ మిషన్ దగ్గరి నుంచి పరశురాం నవ్వాడు.

"నీకు నిద్ర పడుతది. నాకు గీ నెల బరాత్‌లున్నయ్. కొత్త పాట ఏస్త అని అందరికి చెప్పుకున్న. గిది ఏస్తే పెండ్లిపిల్లగాడు గుర్రం దిగి ఇంటికి పోతడు."

వెంట వచ్చినవాళ్లలో ఒకడు, జుట్టు ఎవని కోసం కోసుకుందో అన్నాడు. ఇంకొకడు అంతకంటే నీచమైన మాట అన్నాడు. మామూలు రోజైతే కరుణ "మర్యాదగ మాట్లాడున్రి" అనేది. ఆ రోజు అనలేదు. తన నోట రాని మాటను వాళ్లు అన్నందుకు లోపల కొంచెం హాయిగా కూడా ఉంది.

"గందుకే అక్కా, మా జ్యోతి సచ్చిపోయింది. శ్రద్ధాంజలి కొట్టు" అన్నాడు ఐలేష్. "ఎనిమిది బై ఆరు అడుగులు. రెండు కావాలె. ఒకటి చౌరస్తాల, ఒకటి మార్కెట్ గేటుకు."

"దీపాలు గూడ పెట్టాల్నా?" అని అడిగింది కరుణ.

అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

చావు ఫ్లెక్సీని ఎవరూ మొదటినుంచి చేయరు. అన్నిటికీ తీరు ఒక్కటే. నిన్నటి ఫైలు తెరిచి, పోయిన మనిషిని తీసి కొత్తగా పోయిన మనిషిని పెడతారు. ఆమె శనివారం చేసిన ఫైలు తెరిచింది. కృష్ణయ్య అనే పెద్దమనిషిది. తెల్ల మీసాల ముఖాన్ని తీసేసింది. పేరు చెరిపి "రెండు జడల జ్యోతి" అని కొట్టింది. పైన "నీ పాత పాటలే మాకు దిక్కు" అని ఐలేష్ చెప్పింది రాసింది. కింద "ఇట్లు, కన్నీటితో అన్నలు" అని పెట్టింది.

ఫోటో మాత్రం తనే ఏరింది. ఆరేళ్ల కిందటి బతుకమ్మ పాటలోది. ముఖం కత్తిరించడం తేలిక. జడలే కష్టం. అంచుల్లో లేచిన సన్న వెంట్రుకలను వదిలేస్తే కత్తెరతో కోసినట్టు మొరటుగా కనపడుతుంది. బొమ్మను పెద్దది చేసుకుని, ఒక్కో పాయ వెంట చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోయింది. అరగంట పట్టింది. మెడలో గులాబీల దండ వేసింది. దండ నీడ జడల మీద పడేట్టు కూడా చూసింది. రెండు దీపాలు, రాలుతున్న పూరేకులు, కింద మూలకు షాపు పేరూ ఫోన్ నంబరూ. మిషన్ నుంచి బట్ట బయటికి వస్తుంటే పరశురాం మెచ్చుకోలుగా చూసి, "నిజంగ పోయినా గింత మంచిగ చెయ్యరు" అన్నాడు.

సాయంత్రానికి రెండు ఫ్లెక్సీలూ లేచాయి.

సోమవారం వాటి కింద నిలబడి జనం ఫోటోలు దిగారు. మంగళవారం పొద్దున ఎవరో నిజం బంతిపూల దండ తెచ్చి చౌరస్తాలో ఫ్లెక్సీకి వేలాడదీశారు. ఇంకొకడు దాని కింద కొబ్బరికాయ కొట్టి, నీళ్లు తాగుతూ వీడియో తీసుకున్నాడు. ఆ వీడియో కరుణ ఫోన్‌కు నలుగురు పంపారు. టిఫిన్ తింటూ పాట కింద జనం రాసినవి చదివింది. చెల్లె అని పిలిచినవాళ్లే ఆ అమ్మాయి ఒంటి గురించి రాశారు. ఎవరితో తిరిగితే గొంతు అట్లా అయిందో రాశారు. తల్లి చేపలమ్ముతుందని తెలిసిన ఈ ఊరివాళ్లు పాటలో చేపల కంపు వస్తోందని రాశారు. రాసినవాళ్లలో తనకు తెలిసిన పేర్లు కొన్ని కనపడ్డాయి. అందులో ఒకతను రోజూ షాపుకు వచ్చి 'అక్కా' అని పలకరించే మనిషి. కరుణ ఇడ్లీ పొట్లం మడిచి బయట పారేసింది. వీళ్లు వేరు, తాను వేరు అనుకుంది. తాను చేసింది నవ్వులాట.

మధ్యాహ్నం ఒంటిగంట వేళ షాపు మెట్ల దగ్గర ఒక ముసలామె ఆగింది. చంకలో ఖాళీ సత్తు గంప, ముంజేతుల మీద ఎండిపోయిన చేప పొలుసులు. చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చింది.

"మార్కెట్ గేటు కాడి బొమ్మ కొట్టింది మీరేనట గద బిడ్డా. కింద మీ నంబరున్నదట."

"అవ్" అన్నాడు పరశురాం. "నీకేం బొమ్మ కావాలె పెద్దమ్మా?"

"నాకేం వద్దు. నా బిడ్డ ఎప్పుడు పోయిందో చెప్పున్రి."

మిషన్ నడుస్తూనే ఉంది. పరశురాం చేయి చాచి దాన్ని ఆపాడు. ఆమె అరుణజ్యోతి తల్లి సత్తమ్మ. కరుణ ఆమెను పాటల వీడియోల్లో ఒకటి రెండుసార్లు చూసింది, వెనక ఎక్కడో నవ్వుతూ.

కరుణ లేచి కుర్చీ జరిపింది. "కూసో పెద్దమ్మా. నీ బిడ్డకేం కాలేదు. మంచిగున్నది. పిలగాండ్లు నవ్వులాటకు కొట్టిచ్చిన్రు."

"నవ్వులాటకు దీపాలు పెడ్తరా?" సత్తమ్మ కూర్చోలేదు. "నాకు సదువు రాదు. రాదని, కాలేజీకి పోయే పిల్లను ఆపి సదివిచ్చుకున్న. రేపు బుధారం దినం అని రాసున్నదన్నది ఆ పిల్ల. పన్నెండు గంటలకు, ఇంటికాడ అన్నది. ఎవరింటికాడ జేస్తున్రు? నేను తల్లిని, నాకెందుకు చెప్పలే?"

కరుణ కంప్యూటర్ వైపు తిరిగి ఫైలు తెరిచింది. జ్యోతి ముఖం, జడలు, దండ, దీపాలు. దీపాల కింద ఎరుపు పట్టీ మీద చిన్న తెల్ల అక్షరాలు ఉన్నాయి: "దశదిన కర్మ: బుధవారం మధ్యాహ్నం 12 గంటలకు, స్వగృహంలో." అది కృష్ణయ్యది. తీయలేదు. జడల వెంట్రుకలు పోకుండా అరగంట కూర్చున్న మనిషి ఆ ఒక్క వరుసను చూడలేదు. పరశురాం కూడా ఆమె భుజం మీదుగా చదివాడు. తల దించుకున్నాడు.

"ఫోన్ చెయ్యలేదా నువ్వు?" అని అడిగింది కరుణ.

"చేసిన. బందున్నదంటుంది." సత్తమ్మ బొడ్లో నుంచి చిన్న ఫోన్ తీసి ఇచ్చింది. "పదిహేను దినాలైంది మాట్లాడక. జుట్టు కోసుకున్ననమ్మా అన్నది. నేనే తిట్టిన. ముండమోపి లెక్క ఏం మొఖమే గది, ఇంటికి రాకు అన్న. రాలే. నా నోటితోనే పాయె నా బిడ్డ."

కరుణ మూడుసార్లు చేసింది. ఫోన్ ఆపేసి ఉంది. మొన్నటి నుంచి ఎవరెవరు చేసి ఏమేం తిట్టి ఉంటారో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ నంబరును ఐలేష్ అభిమాన సంఘం గ్రూపులో పెట్టగా తాను చూసింది కూడా.

"యాడుంటది?"

"బాలాపూర్‌ల. వినాయకుని లడ్డు ఏలంపాట చూపిస్తనని ఒక్కపారి తీస్కపోయింది. ఇల్లు గుర్తుపడత."

కరుణ చున్నీ సర్దుకుని బ్యాగు తీసుకుంటుంటే పరశురాం ఆమెను మిషన్ వెనక్కు పిలిచాడు. "నువ్వెందుకు పోవుడు? కొట్టమన్నది ఐలేష్‌గాడు, వాణ్ని పొమ్మను. ఇగో, ఆ లైను ముచ్చట ఎవ్వరికి చెప్పకు. అడిగితే గట్లనే రాయమన్నరను. నాకు షాపున్నది, నీకు పిల్లలున్నరు."

ఆమె బ్యాగు భుజాన వేసుకుని సత్తమ్మతో మెట్లు దిగింది.

బస్సు చౌరస్తా దాటేటప్పుడు సత్తమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఫ్లెక్సీ దాటిపోయిందని కరుణ చెప్పేదాకా తీయలేదు. దారి పొడుగునా ముంజేతి మీది పొలుసులను గోటితో గీకి తీస్తూ కూర్చుంది. బతికే ఉన్నది పెద్దమ్మా అని కరుణ మూడుసార్లు చెప్పింది. అన్నిసార్లూ ఆమె అడిగింది ఒక్కటే. "మరి గా దినం ఎవలు రాసిన్రు?"

బి.ఎన్. రెడ్డి నగర్‌లో దిగి ఆటో ఎక్కారు. మూడు గల్లీలు తప్పి, నాలుగో గల్లీలో నీలం గేటును సత్తమ్మ గుర్తుపట్టింది. పైఅంతస్తులో ఒక్క గది. తలుపు కొట్టగా కొట్టగా లోపలినుంచి "ఎవరు?" అని వినపడింది. పాటలోని కిందికి దిగిన గొంతే.

తలుపు తెరుచుకోగానే సత్తమ్మ కూతురి వీపు మీద రెండు దెబ్బలు వేసింది. గట్టిగానే. తర్వాత ఆ పొట్టి జుట్టును రెండు చేతులా పట్టుకుని, తలను తన ముఖానికి ఆనించుకుంది. శోకం పెట్టలేదు. శ్వాస మాత్రం ఎక్కడో మిట్ట ఎక్కినట్టు ఎగబోసింది. అరుణజ్యోతి ఏమైందని అడగలేదు. "చూసినవా అమ్మా? నువ్వు చౌరస్తా దిక్కు పోవు గదా అనుకున్న" అంది.

కరుణ గడప దగ్గరే నిలబడిపోయింది. అరుణజ్యోతే లోపలికి పిలిచి నీళ్లిచ్చింది. "నేను ఆ ఫ్లెక్సీ షాపుల పని జేస్త" అంది కరుణ. "పెద్దమ్మ ఒక్కతే ఎట్లొస్తదని వచ్చిన."

"మంచిగ జేసినవక్కా. కొట్టిచ్చింది ఐలేష్ అన్ననే గదా? నాకు ఫోటో పంపిండు. కింద నవ్వు బొమ్మలు గూడ పెట్టిండు." ఆమె మంచం మీద తల్లి పక్కన కూర్చుంది. చూస్తే ఇరవై రెండేళ్ల మనిషిలాగే ఉంది. కళ్ల కింద వాపు. "బొమ్మ మాత్రం ఎవరు చేసిన్రో గాని కటింగ్ మస్తుగున్నదక్కా. జడల కాడ ఒక్క ఎంట్రుక పోలే. ఎవరు జేసిన్రు?"

"షాపుల పిలగాండ్లు" అంది కరుణ.

నీళ్ల గ్లాసు పట్టుకున్న తన వేళ్లను చూసుకుంది. వాటిమీద ఆమెకు రోత పుట్టింది. చెడుగా చేసి ఉంటే కొంత నయంగా ఉండేది.

గోడకు మేకు ఉంది. మేకుకు రెండు జడలు వేలాడుతున్నాయి, ఎర్ర రిబ్బన్లతో సహా. కరుణ వాటివైపు చూడడం చూసి అరుణజ్యోతి అంది: "సవురాలు. నా ఎంట్రుకలు పద్దెనిమిదేండ్లకే ఊడిపోయినయ్. గుంజి గుంజి అల్లుడు, ఎగురుడు. నాలుగేండ్ల సంది అవ్వే పెట్టుకొని ఎగిరిన. నెత్తి ఒక్కటే నొప్పి. ఒకరోజు పెట్టుకోబుద్ధి కాలే. పెట్టుకోలే."

"గంతేనా?" అనేసింది కరుణ. ఇంకేదో పెద్ద కారణం ఉంటుందని తాను ఎదురుచూసినట్టు అప్పుడు తెలిసింది. రోగమో, మోసమో, మొగవాడో.

"గంతే. ఇంకేముండాలె?"

సత్తమ్మ ఆ పొట్టి జుట్టులోకి వేళ్లు పోనిచ్చి దువ్వుతోంది. "నాకు చెప్పొద్దానే నొప్పని?" అంది.

తిరుగు బస్సులో కరుణ ఒక్కతే. సత్తమ్మ ఆ రాత్రికి కూతురి దగ్గరే ఉండిపోయింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఆమె ఫోన్ తీసి ఆ పాటను చెవిలో పెట్టుకుని చివరిదాకా విన్నది. నచ్చలేదు. సాగదీసినట్టే ఉంది. మధ్యలో రెండుచోట్ల శ్రుతి దిగినట్టు కూడా అనిపించింది. పాట నచ్చకపోతే మనిషిని చంపనక్కర లేదు, వినకపోతే చాలు. ఇంత చిన్న సంగతి తెలియడానికి బాలాపూర్ దాకా పోవలసి వచ్చింది.

బస్సు దిగి నేరుగా మార్కెట్ గేటుకు పోయి ఫ్లెక్సీ తాళ్లు విప్పబోయింది. పక్కన పండ్ల బండి అతను "ఎవరు తీయమన్నరక్కా? సంఘమోళ్లు వచ్చి అడుగుతరు" అన్నాడు. ఆమె విప్పింది. చౌరస్తాలోది ఎత్తులో ఉంది, అందలేదు.

బుధవారం పన్నెండు గంటలకు కోహెడ నుంచి ముగ్గురు ఆడవాళ్లతో ఎంకమ్మ సత్తమ్మ ఇంటికి వచ్చిందని షాపులో చెప్పుకున్నారు. ఆమె అరుణజ్యోతికి మేనత్త. ఫోన్లో తిరుగుతున్న ఫ్లెక్సీని ఇంట్లోవాళ్లు చదివి చెబితే, కొత్త బట్టలు కొని, మూల మలుపు నుంచే శోకాలు తీసుకుంటూ వచ్చింది. అప్పుడే బాలాపూర్ నుంచి తల్లితో వచ్చిన అరుణజ్యోతే ఎదురుపోయి, కాళ్లకు నీళ్లిచ్చి, "అత్తా, నేనే" అందట. ఎంకమ్మ అక్కడే కూలబడిందట. చెప్పేవాడు నవ్వుతూ చెప్పాడు. వినేవాళ్లూ నవ్వారు. పరశురాం కూడా నవ్వబోయి కరుణ ముఖం చూసి ఆగాడు.

గురువారం ఐలేష్ వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. చెరువులో చేపలు పట్టే ముదిరాజు సంఘం పెద్దలు పిలిపించి నిలదీశారు. ఠాణాకు పోతామన్నారు. "దినం సంగతి నేను రాయమనలేదే అక్కా. ఎట్లొచ్చిందో నాకెరుకలే. ఒట్టు" అన్నాడు. నిజమే చెబుతున్నాడు. వాడి మాట మాత్రం ఎవరూ నమ్మలేదు. కరుణ కీబోర్డు మీది దుమ్ము తుడిచింది.

"గిప్పుడు క్షమించమని ఒక ఫ్లెక్సీ కొట్టాలె. 'క్షమించు చెల్లె' అని పెద్దగ. అదే సైజు."

"ఫోటో?"

"గదే పెట్టు. జడల ఫోటో."

"ఇప్పటి ఫోటో పెడితే చేస్త" అంది కరుణ.

"గా మొఖానికి ఎవడు దండం పెడతడక్కా?" అన్నాడు ఐలేష్ చిరాగ్గా. "క్షమించమని అడిగేది మా చెల్లెను. గీమెను గాదు."

సిరా వాసన కరుణకు ఏళ్లుగా అలవాటే, ఆ రోజు మాత్రం ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. లేచి మెట్ల మీదికి వచ్చి నిలబడింది. లోపల పరశురాం ఆమె కుర్చీలో కూర్చున్నాడు. శ్రద్ధాంజలి ఫైలే తెరిచాడు. దీపాలు తీసేశాడు, దినం వరుస తీసేశాడు, పైన మాట మార్చాడు. రాలే పూరేకులు అట్లాగే ఉన్నాయి. దండ తీయడం రాక దాన్నీ వదిలేశాడు. సాయంత్రానికి అది చౌరస్తాలో పాతదాని స్థానంలో లేచింది. మెడలో దండతో, రెండు జడలతో ఆ పిల్ల నవ్వుతోంది. కింద అన్నలంతా చేతులు జోడించారు. ఈసారి కూడా జనం ఫోటోలు దిగారు. మనసున్న పిల్లలని మెచ్చుకున్నారు.

ఆదివారం పొద్దున సత్తమ్మ షాపుకు వచ్చింది. గంపలో తడిగుడ్డ కింద ఒక్కటే కొర్రమట్ట చేప, ఇంకా కదులుతోంది. తూచలేదు. కవర్లో వేసి కరుణ చేతికి ఇచ్చింది.

"ఇంటికి తీస్కపో. పిల్లలకు వండిపెట్టు. నా బిడ్డను నాకు చూపెట్టినవ్."

"వద్దు పెద్దమ్మా."

"వద్దంటవేందే? నా బిడ్డ పేరు మీద తినున్రి." కవరు మూతి ముడివేస్తూ, లోపల పరశురాంకు వినపడేటట్టు గొంతు పెంచింది. "గా బొమ్మ చేసినోని చేతులు పడిపోను. గా దినం రాసినోని కండ్లు పోను. నీ అసొంటి మనిషి ఒక్కతున్నది గనుక సరిపాయె."

పరశురాం మిషన్ వెనక్కు పోయాడు. కవరు కరుణ చేతిలో బరువుగా కొట్టుకుంది. సత్తమ్మ చెప్పులు వేసుకుని మెట్లు దిగింది.

కరుణ చేపను ఇంటికి తీసుకుపోయి, బూడిదతో రుద్ది, ముక్కలు కోసి పులుసు పెట్టింది. పిల్లలు ఇష్టంగా తిన్నారు. ఆమె కంచం ముందు కూర్చుని, తినకుండానే లేచిపోయింది. ఆ తర్వాత రెండు వారాలు సత్తమ్మ మార్కెట్‌కు పోయేటప్పుడల్లా మెట్ల దగ్గర ఆగి "మంచిగున్నవా బిడ్డా" అని అడిగింది. "మంచిగున్న" అంది కరుణ. ఆ ఫ్లెక్సీ చేసింది తానేనని సత్తమ్మకు ఇంకా చెప్పలేదు.